నాట్యం, నాటకం కూడా చదువులే



పదో తరగతి అయ్యాక ఏం చదువుతారు అని ఎవరు అడిగినా మన హాస్టల్లో మూడే మాటలు వినబడతాయి. నర్సింగు, టీచర్ ట్రైనింగు, పోలీసు. ఇవి మంచివే, నేను కాదనను. కానీ డ్యాన్సు గానీ నాటకం గానీ కాలేజీలో చదువుతాను అని ఎవరైనా అంటే మాత్రం అందరూ నవ్వుతారు. "ధింసా మనకి పుట్టుకతో వచ్చిందే గదా, దానికి కాలేజీ ఏటి?" అంటారు. ఆ ప్రశ్నకి నాకు తోచిన జవాబు ఈ గోడపత్రికలో రాస్తున్నాను.

ధింసా మనకి వచ్చు, నిజమే. మన అరకు, పాడేరు వైపు చైత్రంలో ఇటుకల పండగ వచ్చిందంటే తుడుము, డప్పు, మోరి, కిరిడి మోగుతాయి, ఆడవాళ్లందరం వీపుల మీద చేతులు వేసుకుని వరసగా ఆడతాం. కానీ ధింసా అంటే ఒక్కటే ఆట కాదు. బోడ ధింసా గ్రామదేవత కోసం ఆడేది. పోతర్ తోల ధింసా ఆకులు ఏరడాన్ని చూపిస్తుంది. బాగ్ ధింసా పులి మీద పడితే ఎలాగ తప్పించుకోవాలో చూపిస్తుంది. గుండేరి, గొడ్డిబేట, నాటికారి, కుండ, బాయ అని ఇంకా ఉన్నాయి. మనలో ఎంతమందిమి ఇవన్నీ విడదీసి చెప్పగలం? మా నాయనమ్మ అడుగు చూసి ఇది ఫలానా ధింసా అని చెప్పేస్తుంది. కానీ ఆమెకి రాయడం రాదు. నాకు రాయడం వచ్చు గానీ అన్ని అడుగులు రావు. మధ్యలో ఏదో జారిపోతా ఉంది.

ఒకసారి ఒక సభలో మన పిల్లలు బాగ్ ధింసా ఆడారు. మైకు దగ్గర ఉన్న ఆయన "గిరిజనులు పంట చేతికొచ్చిన ఆనందంతో ఆడుతున్నారు" అని చెప్పారు. పులి నుంచి తప్పించుకునే ఆట ఆయన నోట్లో పంట పండగ అయిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. అది తప్పండీ అని చెప్పడానికి మాలో ఎవరికీ ధైర్యం చాలలేదు. ఆడేది మనం, అర్థం చెప్పేది వేరేవాళ్లు. నృత్యం చదువుకున్న మనిషి మనలోంచి ఒక్కరు ఉన్నా ఆ మైకు పట్టుకుని సరిగా చెప్పేవారు. దేవత కోసం ఆడే బోడ ధింసాని ప్రతి ప్రారంభోత్సవంలోనూ ఆడించవచ్చా, కూడదా అనేది కూడా వాళ్లు అడగగలరు. ఇప్పుడు అడిగేవాళ్లు లేరు.

కూచిపూడి సంగతి చూడండి. అది కృష్ణా జిల్లాలో ఒక పల్లెటూరు పేరు. ఒకప్పుడు అక్కడ కొన్ని కుటుంబాల మగవాళ్లే ఆ నాట్యం ఆడేవారు. ఆడవేషాలూ మగవాళ్లే వేసేవారు. వేదాంతం సత్యనారాయణశర్మ గారు సత్యభామ వేషానికి ఎంతో పేరు పొందారు. వెంపటి చినసత్యం గారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి ఎందరో ఆడపిల్లలకి నేర్పారు. ఈ రోజు అది విశ్వవిద్యాలయాల్లో చదివే నాట్యం. ఒక పల్లెటూరి ఆటకి సిలబస్ ఉండగా లేనిది మన కొండ ఆట అనేసరికి నవ్వెందుకు?

ఇంకో సంగతి. ఆదిలాబాద్ వైపు మార్లవాయి గ్రామానికి చెందిన గుస్సాడి కళాకారుడు కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ ప్రకటించారు. కోయ కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో ప్రకటించారు. మనందరికీ గర్వం. ఇద్దరూ 2024లో చనిపోయారు. అలాంటి పెద్దలు పోతే వాళ్ల గొంతులో, కాళ్లలో ఉన్నదంతా వాళ్లతోనే పోతుంది. వాళ్లు బతికి ఉండగానే దగ్గర కూర్చుని నేర్చుకుని, రాసుకునే మనిషి కావాలి. ఆ మనిషికి చదువూ రావాలి, ఆటా రావాలి.

ఎక్కడ చదవాలి అంటారా? విజయనగరంలో 1919లో పెట్టిన మహారాజా వారి సంగీత కళాశాల ఉంది. ఆదిభట్ల నారాయణదాసు గారు దాని మొదటి ప్రిన్సిపాలు. ఇప్పుడది ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో థియేటర్ ఆర్ట్స్ శాఖ ఉంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో నృత్యానికి, రంగస్థలానికి వేరువేరు శాఖలు ఉన్నాయి. అది కేంద్ర విశ్వవిద్యాలయం, కాబట్టి ఎస్టీలకు 7.5 శాతం సీట్లు ఉంటాయి. ఢిల్లీలో 1959లో మొదలయిన నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో మూడేళ్ల కోర్సు ఉంది. దానికి డిగ్రీ చదివి ఉండాలి, నాటకాల్లో పాల్గొన్న అనుభవమూ ఉండాలి. నాటకం చదవడమంటే వేషం కట్టడం ఒక్కటే కాదు. దర్శకత్వం, లైటింగు, దుస్తులు, మేకప్, రంగస్థలం కట్టడం అన్నీ నేర్పుతారు. స్టేజి ఎక్కడానికి సిగ్గుపడే పిల్లలకి కూడా అందులో పని ఉంది.

మరి ఉద్యోగం? మా అమ్మ అడిగేదీ ఇదే. మా ఇంట్లో బడి గడప తొక్కిన మొదటి మనిషిని నేనే, కాబట్టి ఆమె భయం నాకు తెలుసు. డ్యాన్సు చదివిన అందరికీ ఉద్యోగం వస్తుందని నేను చెప్పను. ఆ పోస్టులు తక్కువే. అందుకే ఇంటర్, డిగ్రీ వదలకూడదు. బి.ఇడి. కూడా చేసి పెట్టుకోవచ్చు. అలాగని హాస్టల్లో ఉన్న అందరమూ ఇదే చదవాలనీ అనడం లేదు. చదవాలని ఉన్న ఒకరిద్దరిని నవ్వి ఆపెయ్యవద్దు అంటున్నాను, అంతే.

వార్డెన్ అమ్మగారికి, టీచర్లకు నా మనవులు మూడు. అతిథులు వచ్చినప్పుడు మా చేత ధింసా ఆడించండి, మాకూ సరదాయే, కానీ పరీక్షల వారంలో వద్దు. నెలకి ఒక శనివారం సాయంత్రం ఊళ్లోంచి ఒక పెద్దామెని పిలిపించండి. ఆమె ఒక్కో ధింసా చూపిస్తే మేము నోటుపుస్తకంలో అడుగులు, సందర్భం రాసుకుంటాం. మూడోది, పదో తరగతి తర్వాత చదువులు అని ఆఫీసు గోడకి అతికించిన కాగితంలో నాట్యం, నాటకం అని ఒక లైను కలపండి.

అప్పలూ, చెల్లెళ్లూ, మీరు సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడు మీ నాయనమ్మని ఒక్క ధింసా పేరు, అది ఎందుకు ఆడతారో అడిగి రాసుకుని రండి. వచ్చే నెల గోడపత్రికలో వాటన్నిటినీ వేద్దాం.

ఇట్లు,
తొమ్మిదో తరగతి విద్యార్థిని