ఐదు శాతం గడప

లిథువేనియా జనాభాలో పోలిష్ జాతివారు నూటికి ఆరున్నర మంది. విల్నియస్ నగరము, దాని పరిసర గ్రామములే వారి నెలవు. 1992 ఎన్నికలలో ఇతర పక్షములకు 4 శాతం ఓట్ల నియమముండగా అల్పసంఖ్యాకుల సంస్థలకు మినహాయింపు లభించెను. రెండు శాతం ఓట్లతోనే వారు సభలో ప్రవేశించిరి. 1994లో వారి పక్షము ‘పోలిష్ జాతీయుల ఎన్నికల కార్యాచరణ’ వెలసినది. 1996 నాటికి నియమము 5 శాతమైనది, మినహాయింపు పోయినది. అందరికీ ఒకే కొలత అన్నారు. నూటికి ఏడుగురైనను లేనివారికి ఆ గడప ఎంత ఎత్తో ఆలోచింపవలదా? అది న్యాయమని మేము అంగీకరింపజాలము.

2008లో 4.79 శాతముతో గడపవద్దనే ఆగిరి. 2012లో దాటి, 141 స్థానముల సభలో 8 గెలిచి, మంత్రివర్గమున చేరిరి. అయితే దోషమంతయు నియమముదే కాదు. 2014లో, రష్యా క్రైమియాను ఆక్రమించిన ఏటనే, నాయకుడు తొమషెవ్‌స్కి రష్యా సైనిక సంప్రదాయపు నారింజ-నలుపు రిబ్బను ధరించెను. పొరుగువారి అనుమానమును చేజేతులా పెంచుట గాక ఇది మరేమి? ఆ ఏడే మంత్రివర్గమును వీడిరి. 2020లో 4.8 శాతము, మరల గడప వెలుపల, కేవలము 3 నియోజకవర్గ స్థానములతో.

వారి చిరకాలపు కోరిక తమ పేర్లలోని ‘డబ్ల్యు’ అక్షరము; లిథువేనియన్ అక్షరమాలలో అది లేదు. ఉర్దూ పేర్లను తెలుగు లిపిలో వ్రాసుకొను మనకు ఈ బాధ క్రొత్త కాదు. 2022 జనవరిలో సభ దానిని అనుమతించెను. అప్పటి న్యాయశాఖ మంత్రి పోలిష్ వనితయే, కాని వేరొక పక్షమునకు చెందినది. పోలిష్ భాషలోని గుర్తులు గల అక్షరములకు మాత్రము ఆ చట్టమున చోటు దొరకలేదు.