బీరువాలో దూరదర్శిని కన్నా సంచిలో దూరదర్శిని మేలు

పిల్లలూ, మీ బడిలో దూరదర్శిని ఉందా? ఉంటే ఎక్కడ ఉంది? తొందరపడి జవాబు చెప్పకండి. ఒకసారి మీ సైన్సు మాస్టారినో టీచరుగారినో అడిగి చూడండి. "ఉందిరా, బీరువాలో భద్రంగా ఉంది" అనే జవాబు చాలా చోట్ల వస్తుందని నా అనుమానం.

నేను చదువుకున్న బడిలోనూ అలాగే భద్రంగా ఉండేది. 1986లో నాది పదో తరగతి. హేలీ తోకచుక్క వచ్చిన ఏడు అది. 75, 76 ఏళ్ళకోసారి మాత్రమే వచ్చే చుట్టం! మార్చి నెలలో తెల్లవారుజామున చూడవచ్చని పత్రికలు రాశాయి. బడి దూరదర్శిని ఇస్తారేమోనని అయిదారుగురం కలిసి వెళ్ళాం. సామాను చూసే మాస్టారు సెలవులో ఉన్నారు, తాళంచెవి ఆయన దగ్గరే ఉంది. ఆయన వచ్చాక మళ్ళీ అడిగాం. "పగిలితే ఎవరు కడతారు? రిజిస్టరులో ఉన్నది నా పేరు కదా!" అన్నారాయన. ఆయనను తప్పుపట్టను. మా దగ్గర రిజిస్టరు రాసే పద్ధతే అలాంటిది. మేం మాత్రం మామిడితోట గట్టుమీద నిలబడి ఉత్త కళ్ళతో వెతికాం. చెట్ల పైన మసకగా ఏదో కనిపించింది. అది తోకచుక్కో, మబ్బు తునకో నాకు ఈనాటికీ తెలియదు. అది మళ్ళీ వచ్చేది 2061లో. అప్పటికి మీరు యాభైకి అటూ ఇటూగా ఉంటారు.

ఇప్పుడు నేనే సైన్సు మాస్టారిని. ఇన్నేళ్ళుగా పిల్లలతో ఆకాశం చూశాక నాకు కలిగిన అభిప్రాయం ఇది: దూరదర్శినిని కొనడం కన్నా చేసుకోవడం మంచిది. అదీ చిన్నదిగా, విడదీసి సంచిలో సర్దుకుని బస్సెక్కగలిగేటట్టు చేసుకోవాలి.

దీనికి మా తోటి ఉపాధ్యాయులొకరు గట్టిగానే అడ్డు చెప్పారు. "ఏమండీ, ఇప్పుడు అన్నీ తయారుగా దొరుకుతున్నాయి. నెలల తరబడి గాజు అరగదీయడమెందుకు? పిల్లల చదువు పాడు!" అన్నారు. అందులో కొంత నిజముంది. పొడులు, పూత, కటకాలు అన్నీ కలిపి లెక్క కడితే కొన్నదే చవక కావచ్చు కూడా. కాని కొన్న వస్తువు విరుగుతుందేమోనన్న భయం పోదు. ఆ భయమే దాన్ని బీరువాలోకి తోస్తుంది. తన చేత్తో చేసినవాడికి ఏది ఎందుకు ఉందో తెలుసు, విరిగితే ఎలా అతకాలో తెలుసు. అందుకని బయటికి తీస్తాడు.

అసలు మొట్టమొదటి పరావర్తన దూరదర్శినే చేతిలో ఇమిడేది. 1668లో న్యూటన్ చేసిన దాని పొడవు సుమారు ఆరు అంగుళాలు. రాగి, తగరం కలిసిన మిశ్రమలోహాన్ని పోతపోసి, తనే సానబట్టి అద్దం చేసుకున్నాడు. విలియం హెర్షెల్ సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. ఆయన ఇంగ్లండులోని బాత్ పట్టణంలో సంగీతం మాస్టారు. ఇంట్లోనే అద్దాలు అరగదీసేవాడు. 1779లో ఒకనాటి రాత్రి దూరదర్శినిని ఇంటి ముందు వీధిలో పెట్టుకుని చంద్రుణ్ణి చూస్తుంటే, దారిన పోతున్న విలియం వాట్సన్ అనే పెద్దమనిషి ఆగి, తనకూ చూపించమని అడిగాడు. ఆ పరిచయంతోనే సంగీతం మాస్టారికి శాస్త్రజ్ఞుల సంఘంలో చోటు దొరికింది. 1781 మార్చి 13న, సుమారు ఆరంగుళాల అద్దం ఉన్న సొంత దూరదర్శినితోనే ఆయన యురేనస్ గ్రహాన్ని కనుగొన్నాడు.

మన వైపు కూడా ఇంటివద్ద ఆకాశం చూసినవాళ్ళున్నారు. గోడే వెంకట జగ్గారావు 1840లో విశాఖపట్నంలోని తన ఇంటివద్దే వేధశాల నెలకొల్పారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874 డిసెంబరు 9న శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా దాటడాన్ని గమనించి లెక్కలు కట్టారు. అయితే వాళ్ళు కలిగినవాళ్ళు, పరికరాలు తెప్పించుకోగలిగారు. మన దగ్గర ఉన్నది చేతులు, ఆదివారాలు.

ఇక చేయడం సంగతి. నా సలహా 100 మిల్లీమీటర్ల, అంటే నాలుగంగుళాల అద్దం. 800 మిల్లీమీటర్ల నాభ్యాంతరం. ఆరంగుళాలది ఇంకా బాగా చూపిస్తుంది, నిజమే. కాని దాన్ని మోసుకుపోవడం ఒకరి వల్ల కాదు, మళ్ళీ బీరువా పాలే! చీకట్లో బాగా విచ్చుకున్న మన కంటిపాప 7 మిల్లీమీటర్లు ఉంటుంది. ఆ లెక్కన నాలుగంగుళాల అద్దం కంటికన్నా 200 రెట్లు ఎక్కువ వెలుగు పోగుచేస్తుంది. మొదటిసారికి అది చాలదా?

గాజు దుకాణంలో 12 నుంచి 19 మిల్లీమీటర్ల మందం గల గాజు దొరుకుతుంది. దానిలోంచి నాలుగంగుళాల బిళ్ళలు రెండు కోయించండి. ఒకటి అద్దమవుతుంది, రెండోది పనిముట్టు. మేం ఇసుక నింపిన నూనె డ్రమ్ము మీద పనిముట్టు బిళ్ళను బిగించాం. దానిమీద 80 నంబరు కార్బొరండం పొడి చిటికెడు, నాలుగు చుక్కల నీళ్ళు. పైన రెండో బిళ్ళ పెట్టి ముందుకూ వెనక్కూ తోయడం. నాలుగైదు తోపులకోసారి పైబిళ్ళను కొద్దిగా తిప్పడం, మనం డ్రమ్ము చుట్టూ ఒక అడుగు జరగడం. అంతే! మా పిల్లలు దీనికి "గానుగ" అని పేరు పెట్టారు.

ఇలా రుద్దితే బల్లపరుపు గాజు గుంట ఎలా అవుతుంది? పైబిళ్ళను తోసినప్పుడు అది కిందిదాని అంచు దాటి వేలాడుతుంది. అప్పుడు బరువంతా పైబిళ్ళ మధ్యభాగం మీద, కిందిబిళ్ళ అంచు మీద పడుతుంది. అందుకని పైది మధ్యలో అరుగుతుంది, కిందిది అంచుల్లో అరుగుతుంది. పైది పుటాకారం, కిందిది కుంభాకారం. సరే, మరి అది గోళంలో భాగమే ఎందుకు కావాలి? ఎటు జరిపినా, ఎటు తిప్పినా ఖాళీ లేకుండా ఒకదానికొకటి అతుక్కుని ఉండగల వంపు తలాలు గోళతలాలు మాత్రమే. వంపు ఇంకెలా ఉన్నా ఎక్కడో ఒకచోట ఎత్తు తగులుతుంది, తగిలినచోట అరుగుతుంది. అంటే తప్పు తనంతట తనే దిద్దుకుంటుందన్నమాట! ఏ యంత్రమూ లేకుండా తొమ్మిదో తరగతి పిల్లల చేతుల్లో గోళతలం పుట్టడానికి రహస్యమిదే. నాకు దీనికన్నా అందమైన పాఠం తెలియదు.

ఎంత లోతు తియ్యాలి? నాభ్యాంతరం 800 అయితే వక్రతా వ్యాసార్థం 1600 మిల్లీమీటర్లు. లెక్క వేస్తే మధ్యలో లోతు 0.78 మిల్లీమీటర్లు వస్తుంది. ఇంత చాకిరీ చేసినా ఒక మిల్లీమీటరు కూడా కాదు! నిజానికి దూరదర్శినికి కావలసింది గోళతలం కాదు, పరావలయం. కాని ఈ కొలతల్లో ఆ రెంటికీ తేడా మిల్లీమీటరులో అయిదువేలవ వంతు కూడా ఉండదు. అందువల్ల గోళతలమే చాలు. నాలుగంగుళాలనే ఎంచుకోవడానికి ఇది రెండో కారణం.

తరవాత 120, 220, 320, 500 నంబర్ల పొడులు వరసగా. పొడి మార్చిన ప్రతిసారీ బిళ్ళలు, డ్రమ్ము, చేతులు, గోళ్ళ సందులు అన్నీ కడగాలి. కింద పరిచిన కాగితాలు కూడా మార్చాలి. మోటు పొడి రేణువు ఒక్కటి మిగిలినా గీత పడుతుంది. మా అద్దం మీద అలాంటి గీత ఒకటి ఉంది. పిల్లలు చేసింది కాదు, నా చొక్కా చేతి మడతలోంచి రాలిన రేణువు పని అది. పొడిని ఎప్పుడూ తడిగానే ఉంచండి, దుమ్ము పీల్చకూడదు.

మెరుగు పెట్టడానికి పిచ్ అనే నల్లటి బంకపదార్థాన్ని కరిగించి పనిముట్టు మీద పొయ్యాలి. అది అంటుకునే పదార్థం గనక పెద్దవాళ్ళు పక్కన లేకుండా పొయ్యి ముట్టించకండి. దానిమీద సీరియం ఆక్సైడ్ నీళ్ళు చల్లి రుద్దుతూంటే, మసకగాజు మెల్లమెల్లగా తేటపడుతుంది. మాకు మొత్తం పదకొండు ఆదివారాలు పట్టింది.

ఇప్పుడు పరీక్ష. ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు ఫూకో 1858లో చెప్పిన పద్ధతి ఇది. కావలసింది సన్నని రంధ్రంలోంచి వచ్చే దీపం వెలుగు, ఒక గడ్డం బ్లేడు. దీపాన్ని వక్రతా కేంద్రం దగ్గర పెడితే వెలుగు మళ్ళీ అక్కడికే తిరిగొస్తుంది. ఆ చోట బ్లేడు అంచును అడ్డం జరపాలి. తలం చక్కగా ఉంటే అద్దమంతా ఒక్కసారే నల్లబడుతుంది. ఎక్కడైనా మిట్టపల్లాలుంటే సాయంకాలపు ఎండలో నేల మీది గుంటల్లా నీడలు కనిపిస్తాయి. మా పిల్లల్లో ఒకమ్మాయి అద్దం మీద వేలు అరనిమిషం ఆనించి తీసింది. ఆ చోట చిన్న గుట్ట లేచింది! వేలి వేడికి గాజు వ్యాకోచించడం కళ్ళారా కనిపించింది. "మాస్టారూ, పుస్తకంలో ఉన్నది నిజమేనండీ!" అంది. అంటే అన్నాళ్ళూ నా పాఠాన్ని అనుమానంగానే విన్నదన్నమాట. నాకు కోపం రాలేదు.

పూత వెయ్యకముందే చంద్రుణ్ణి చూడవచ్చు. ఉత్త గాజు తనమీద పడిన వెలుగులో నూటికి నాలుగు వంతులు వెనక్కి పంపుతుంది, చంద్రుడికి అది చాలు. అల్యూమినియం పూత మాత్రం శూన్యయంత్రం ఉన్నచోట వేయించాలి. వెండి పూత మీరే ఇంట్లో పోసుకునే పద్ధతులు కొన్ని పాత పుస్తకాల్లో కనిపిస్తాయి. వాటి జోలికి పోకండి, ఆ ద్రావణం నిలవ ఉంటే పేలే ప్రమాదముంది.

పెట్టె ప్లైవుడ్‌తో చెయ్యండి. పైకొనకు దగ్గరగా 45 డిగ్రీల వాలులో ఒక చిన్న సమతల దర్పణం, పక్కన అక్షి కటకం. ఇంట్లో వాడే అద్దం ముక్క పనికిరాదు, దాని పూత వెనక ఉంటుంది గనక బింబం రెండుగా కనిపిస్తుంది. 25 మిల్లీమీటర్ల అక్షి కటకంతో 32 రెట్లు, 10 మిల్లీమీటర్లదానితో 80 రెట్లు పెద్దదిగా చూడవచ్చు. నిలబెట్టడానికి జాన్ డాబ్సన్ పద్ధతిని మించింది లేదు. ఆయన కాలిఫోర్నియాలో వేదాంత మఠంలో సన్యాసిగా ఉండి, పనికిరాని గాజుతో అద్దాలు చేసి, చెక్కపెట్టెల్లో బిగించి, శాన్‌ఫ్రాన్సిస్కో వీధుల్లో దారినపోయేవాళ్ళకు ఆకాశం చూపించాడు. 2014లో చనిపోయేవరకు ఆయనకదే ధ్యాస. సన్‌మైకా ముక్క మీద మూడు టెఫ్లాన్ బిళ్ళలపై తిరిగే పెట్టె అది. మన ఊరి వడ్రంగి ఒక పూటలో చేసిపెడతాడు.

మాది విడదీస్తే గోనెసంచిలో పడుతుంది. మొదటిసారి పక్క ఊరికి తీసుకెళ్తుంటే కండక్టరు ఆపి, "ఏంటి సార్ ఇది, లగేజీ కొట్టాలా?" అన్నాడు. తిరుగు బస్సు ఆలస్యమైన రాత్రి బస్టాండులోనే బిగించి అతనికి గురుగ్రహం నాలుగు ఉపగ్రహాలను చూపించాం. ఆ తరవాత లగేజీ మాట ఎత్తలేదు. అది న్యాయమో కాదో నన్నడక్కండి.

నా అభిప్రాయానికి సాక్ష్యం మాత్రం ఆ తరవాత దొరికింది. ఒకసారి నాకు జ్వరమొచ్చి పిల్లలే నలుగురు వెళ్ళారు. రామాలయం మెట్ల మీద సంచి జారిపడింది. పెద్ద అద్దం అంచు గోరంత పెచ్చు లేచింది, చిన్న అద్దం ఊడిపోయింది. జనం చుట్టూ మూగి ఉన్నారు. పిల్లలు ఏడవలేదు, నాకు ఫోనూ చెయ్యలేదు. కిరాణా కొట్లో జిగురు కొని అద్దం అతికించి, వెనక ఉన్న మూడు మరలూ తిప్పి సరిచూసుకుని, అరగంట ఆలస్యంగా చంద్రుణ్ణి చూపించారు. మర్నాడు, "పెచ్చు లేచిందండీ, అయినా బొమ్మంతా కనిపిస్తోంది" అన్నారు. కనిపించదా మరి! అద్దంలో ప్రతి ముక్కా పూర్తి బింబాన్నే ఏర్పరుస్తుంది, తగ్గేది ఆ కాస్త వెలుగే. బీరువాలోని దూరదర్శిని అలా పడి ఉంటే రిజిస్టరులో ఎర్రసిరా పడేది.

ఒక్క హెచ్చరిక. దీనితో సూర్యుణ్ణి ఎన్నడూ చూడకండి, పగటిపూట అద్దం మీద మూత తియ్యకండి. రెప్పపాటులో కన్ను పోతుంది.

తమిళనాడులోని కావలూరులో 2.34 మీటర్ల అద్దం గల పెద్ద దూరదర్శిని ఉంది. హైదరాబాదులో చదువుకున్న వేణు బప్పు తలపెట్టిన పని అది. ఆయన 1982లో పోయారు, అది 1986లో పూర్తయింది. దాని అద్దాన్ని బెంగుళూరులో మనవాళ్ళే అరగదీసి మెరుగుపెట్టారు. పొడి, నీళ్ళు, ఓపిక అక్కడా ఇవే. నేను తాళంచెవి కోసం తిరిగిన ఏడే అది తయారైందని చాలా ఏళ్ళ తరవాత తెలిసింది.

శనిగ్రహపు వలయం 2025 మార్చిలో మనవైపు అంచు తిప్పి దాదాపు కనిపించకుండా పోయింది, ఇప్పుడు మళ్ళీ ఏటేటా విచ్చుకుంటోంది. మా బడిలో రెండో అద్దం 220 నంబరు పొడి దగ్గర ఉంది. ఈసారి దానికి రిజిస్టరులో పేరు ఎక్కించవద్దని హెడ్మాస్టరుగారిని బతిమాలుతున్నాను. ఆయన ఇంకా ఒప్పుకోలేదు.