డ్యూటీలో పండుగ

గత క్రిస్మస్ సాయంత్రం నాచారంలో ఒక విశ్వాసి ఇంట కృతజ్ఞతా ప్రార్థనకు వెళ్లాము. పారిశ్రామికవాడలో కూలిచేసి ఆ తల్లి చదివించిన అమ్మాయికి స్టాఫ్ నర్సు ఉద్యోగం వచ్చింది. జనగామ నుండి బంధువులు ఉప్పల్ రింగురోడ్డులో బస్సు దిగి, పిండివంటలతో వచ్చారు. కేకు సిద్ధంగా ఉంది. అమ్మాయి మాత్రం డ్యూటీలో ఉంది.

"పండుగపూట కూడా సెలవు దొరకలేదు అయ్యగారూ" అని తల్లి కంటనీరు పెట్టుకుంది.

"అమ్మా, బేత్లెహేము కాపరులు రాత్రివేళ మందను కాస్తుండగానే గదా శుభవార్త విన్నారు! రోగుల ప్రక్కనున్న బిడ్డకు ప్రభువు దూరమా?" అన్నాము.

రాత్రి తొమ్మిదింటికి అమ్మాయి యూనిఫారంతోనే వచ్చి, మొదటి ముక్క తల్లి నోట పెట్టింది.

ప్రియులారా, పిల్లల ఎదుగుదలకై దేవుని స్తుతిద్దాము. వారికోసం కాయలు కాచిన చేతులనూ మరువకుందాము.