క్రొత్త సరకుబండికి తుప్పు కాపుదల

మన కృష్ణా డెల్టాలో క్రొత్త సరకుబండి కొన్న కర్షకుడు మొట్టమొదట దానిని ఇంద్రకీలాద్రి చెంతకు తోలుకొనిపోయి పూజ చేయించును. పసుపు కుంకుమలు పెట్టి, పూలదండ వేసి, చక్రములక్రింద నిమ్మకాయలు తొక్కించి యింటికి తెచ్చుకొనును. ఇది మన యాచారము; మంచి యాచారము. కాని ఆ దినమున బండి ముఖమునకు జరిగిన మర్యాదలో నూఱవ వంతైనను, తరువాతి యైదేండ్లలో దాని యడుగుభాగమునకు జరుగుట లేదు. బండి చెడుట ముఖమున మొదలు కాదు, అడుగున మొదలగును. ఈ నెల మేము సభ్యులకు చేయు మనవి యీ యొక్క మాటను గూర్చియే.

1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చిన తరువాత పల్లెలలోని సంఘములు ఎడ్లకును, బండ్లకును అప్పులిచ్చినవి. నాటి రైతు ఇరుసునకు కందెన పెట్టక, కడచీల చూడక బండి కట్టెడివాడు కాడు. 2005లో టాటా ఏస్ వంటి చిన్న బండ్లు బయలుదేరినది మొదలు కాడి బండి స్థానమున ఇనుపబండి వచ్చినది. నేడు ఏ యూరికి పోయినను పికప్పు బండ్లు కనబడుచున్నవి. బండి మాఱినది గాని, బండిని చూచుకొను బుద్ధిని మాత్రము మనము పాత బండితోనే చావిడిలో విడిచితిమి. కందెన లేని యిరుసు కిఱ్ఱుమని తన బాధ తానే చెప్పుకొనెడిది. తుప్పునకు నోరు లేదు.

పోయిన వానకాలమున మేము ఒక సభ్యుని కళ్లములో నిలిపియున్న పికప్పు బండిని చూచితిమి. పైరంగు మెఱయుచున్నది. వెనుక రేకునకు గీతలు పడకుండ రబ్బరు పట్టా పఱచినారు. పట్టా యెత్తి చూడగా దానిక్రింద రొయ్యల పెట్టెలనుండి కారిన ఉప్పునీరు నిలిచి, రేకు పొరలు పొరలుగా లేచి, రెండు చోట్ల చిల్లి పడి నేల కనబడుచున్నది. కాపుదలకై వేసిన పట్టాయే తుప్పును దాచిపెట్టినది. అరువది వాయిదాలలో ఇరువదియాఱు చెల్లినవి, ముప్పదినాలుగు మిగిలియున్నవి. రేకు మార్పించుటకు బండి ఆటోనగరులో నున్నన్ని దినములును బాడుగ లేదు, కాని వాయిదా నిలువలేదు. అప్పు తీరకముందే బండి తీరిపోవుటకంటె రైతునకు గొప్ప నష్టమేమి కలదు?

ఇనుమునకు గాలియు నీరును కలిసినచో తుప్పు పుట్టును. ఆ నీటిలో ఉప్పున్నచో ఆ పని వేగముగా సాగును. మన ప్రాంతమున బండికి ఉప్పు మూడు దారుల వచ్చుచున్నది. బందరు, దివిసీమ ప్రాంతములలో సముద్రపు గాలితో వచ్చును. కైకలూరు, కృత్తివెన్ను, నాగాయలంక వైపు చేపలు, రొయ్యలు మోయునప్పుడు మంచుపెట్టెల నీటితో వచ్చును. మూడవది మనము గుర్తింపనిది: ఎరువు. పొటాష్ అనునది పొటాషియం క్లోరైడు. అది వంట యుప్పునకు దాయాది. యూరియా గాలిలోని తేమను పీల్చి కరగును. బస్తా చినిగి రాలిన గింజలు రేకు మూలల తడిసి నిలిచినచో రాత్రింబగళ్లు ఇనుమును తినుచుండును.

“కంపెనీవారు మంచి రంగు వేసియే యిచ్చుచున్నారు గదా, హామీ కాగితము కలదు గదా” యని కొంద ఱందురు. నిజమే. నేటి బండ్ల క్యాబిన్ రేకునకు రంగునకు ముందు ప్రైమరు తొట్టిలో ముంచి పూత పట్టించుచున్నారు. కాని పూత చెదరనంతవఱకే దాని బలము. కంకర రాయి యెగిరి తగిలినను, పెట్టె యంచు గీచినను అక్కడ ఇనుము బయటపడును. హామీ దేనికి వర్తించునో, దేనికి వర్తింపదో బండితో నిచ్చిన పుస్తకములో చదివి తెలిసికొనవలెను. ఇన్సూరెన్సు పాలసీ సాధారణముగా అరుగుదలకును తుప్పునకును సొమ్మీయదు. కనుక ఈ నష్టము చివరకు రైతుమీదనే పడును.

తుప్పు పట్టిన పిమ్మట చేయు చికిత్స కంటె క్రొత్తలో చేయు కాపుదల చౌక. మొదటి నెలలోనే బండి యడుగున కూర్చుండి చూడుడు. గీత పడినచోట గీకి, ఆరబెట్టి, ప్రైమరు వేసి, పైని రంగు పూయుడు. తలుపుల క్రిందను, పాదపు పట్టీల క్రిందను నీరు పోవుటకు సన్నని రంధ్రము లుండును. బురద వానిని మూసినచో నీరు లోపలనే నిలిచి రేకు లోపలినుండి చిల్లి పడును. వానికి ఒక చీపురుపుల్ల చాలును. అడుగున నల్లపూత వేయింపదలచినవారు బండి శుభ్రమై, పూర్తిగా ఆరిన పిమ్మటనే వేయింపవలెను. బురదమీదను, తుప్పుమీదను వేసిన పూత తడిని లోపల బంధించి హానియే చేయును. కాలిన ఇంజను నూనె పూయు నలవాటు మానవలెను. అది రబ్బరు భాగములను చెఱచును, కారి నేలను నీటిని పాడుచేయును.

అన్నిటికంటె ముఖ్యము కడుగుట. ఉప్పుసరకు గాని, ఎరువు గాని దింపిన నాడే పట్టా యెత్తి, వెనుక రేకును, చక్రముల పైకప్పులను, ఛాసిస్ పట్టీలను మంచినీటితో కడిగి ఆరనీయవలెను. మంచినీటితో నని మేము గట్టిగా చెప్పుటకు కారణము కలదు. సముద్రము దాపున నున్న మన యూళ్లలో పెక్కు బోరులనీరు ఉప్పన. దానితో బండి కడుగుట ఉప్పుతో ఉప్పును కడుగుటయే. కాలువ పాఱు దినములలో ఆ నీరు తోడుకొనవచ్చును. వేసవిలో కాలువ కట్టివేసినప్పుడు కుళాయినీరు రెండు మూడు బిందెలైనను వాడుడు. కాని బండిని కాలువలోనికి దింపి కడుగవలదు. ఆ కాలువయే మన యూరి మంచినీళ్ల చెరువును నింపునది.

తక్కిన కాపుదలయు నీ వరుసలోనిదే. రేడియేటరులో వట్టి నీరు పోయక కూలెంటు కలిపియే పోయుడు; తుప్పు ఇంజను లోపలను పట్టును. కోత దినములలో వరి దుమ్ము ఎయిర్ ఫిల్టరును మూసివేయును గనుక అప్పుడు తఱచుగా చూడుడు. లోతైన నీటిలో బండి నడచినచో గ్రీజు మరల పెట్టించి, వెనుక ఇరుసు నూనె పాలవలె తెల్లబడినదేమో చూపింపుడు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగునగరు, పాయకాపురము మొదలగు పేటలు మునిగినప్పుడు వేలకొలది బండ్లు నీటిలో నిలిచినవి. అట్టి బండిని స్టార్టు చేయరాదు. ఇంజనులో చేరిన నీరు గాలివలె అణగదు. లోపలి కడ్డీలను వంచును. బ్యాటరీ తీగ విప్పి, ఇన్సూరెన్సువారికి తెలిపి, మెకానిక్కు చూచువఱకు కదల్పరాదు.

ఇక సంఘమువారికి మా సూచన. అప్పిచ్చి బండి యిప్పించుటతో మన పని తీరదు. ఎరువుల గోదాము ప్రక్కన ఒక సిమెంటు ఏటవాలు దిబ్బ, ఒక మంచినీటి తొట్టి, ఒక పంపు, నూనె తేలి నిలుచుటకు ఒక గుంట కట్టినచో సభ్యులందఱును కొలది రుసుముతో తమ బండ్ల యడుగు కడుగుకొందురు. పైరుల పనిలో తీరిక లేదనువానికి గోదాము కడనే యది కుదురును. “ఇది సంఘము పనియా” యని యడుగువారికి మా ప్రత్యుత్తర మిది: సభ్యుని బండి చెడినచో వాయిదా నిలుచును, వాయిదా నిలిచినచో సంఘము చెడును.

2024 ఆగస్టు 10వ తేది రాత్రి తుంగభద్ర యానకట్ట 19వ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకొనిపోయినది. తాత్కాలికముగా ఇనుప పలకలు దించి నీటిని నిలుపుటకు వారము పట్టినది. అంత జలాశయపు నీరు ఒక గొలుసుమీద నాధారపడియున్నదని ఆనాడు రైతులందఱికిని తెలిసినది. మన సంసారములును అట్లే చిన్న ఇనుప పట్టీలమీద నాధారపడియున్నవి. రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ దిబ్బ విషయము చర్చింపవలెనని మా మనవి. ఆలోపుగా ప్రతి సభ్యుడును ఈ వారములో నొక ఉదయము తన బండి వెనుక పట్టా యెత్తి చూచుకొనుగాక.