నీరు తక్కువ పట్టే మరుగుదొడ్డి

ఇంట్లో మరుగుదొడ్డి కట్టుకొనే ముందు ఒక్క మాట ఆలోచించండి. అందులో పోసే నీళ్లు మోసేదెవరు? చాలా ఇళ్లలో తల్లులూ, ఆడపిల్లలే గదా!

పాత రకం ఫ్లష్ ట్యాంకును ఒక్కసారి లాగితే 10 లీటర్ల నీరైనా పోతుంది. వాలు ఎక్కువగా ఉండే గ్రామీణ బేసిన్‌లో 2 లీటర్లు పోస్తే చాలు. అయిదుగురున్న ఇంట్లో ఒక్కొక్కరు రోజుకొకసారి వెళ్లినా 40 లీటర్లు, అంటే దాదాపు మూడు బిందెలు మిగులుతాయి.

అయితే బేసిన్ మాత్రమే మారిస్తే సరిపోదు. దానికి తగిన ట్రాప్‌నే మేస్త్రీ చేత పెట్టించండి. గొట్టం పొట్టిగా, వాలుగా ఉండాలి. లేకపోతే తక్కువ నీటికి మలం కదలక అడ్డుపడుతుంది.

గుంతలు రెండు తవ్వించండి. ఒకటి నిండగానే దాన్ని మూసి, రెండవదానికి మళ్లించండి. రెండేళ్లు ఆగితే మొదటి గుంతలోనిది వాసన లేని ఎరువవుతుంది. మనిషి చేత పచ్చి మలం ఎత్తించే పాపం మన ఇంటికి ఉండదు. 2013 నాటి చట్టం కూడా ఆ పనిని నిషేధించింది. తాగునీటి బావికి మాత్రం 10 మీటర్లయినా ఎడంగా తవ్వించండి.

కుళాయి, ట్యాంకు ఉన్నవారు 3 లీటర్లకొకటి, 6 లీటర్లకొకటి రెండు మీటలుండే ఫ్లష్ పెట్టించుకోవచ్చు.

బేసిన్ ఒక్కసారే కొంటాము, నీళ్లు ప్రతిదినమూ మోయాలి. కనుక ఇది తప్పక లాభమే. మిగిలిన నీటిలో కొంత, సబ్బుతో చేతులు కడుక్కోవడానికి ఉంచండి. అక్కడ మాత్రం పొదుపు వద్దు.