కాళ్ళు పట్టుకునే ఉద్యోగమా?

"మీ అమ్మాయి ఏం చేస్తోందండీ?" అంటే "సాఫ్ట్‌వేర్" అని చెప్పేటప్పుడు మన గొంతు ఒక మెట్టు పైకి లేస్తుంది. డాక్టరైతే రెండు మెట్లు. అదే అమ్మాయి "పాదాల వైద్యం నేర్చుకుంటానమ్మా" అంటే ఇల్లంతా మూగబోతుంది. మొన్న కొండాపూర్‌లో మా బంధువులింట అదే జరిగింది. ఫిజియోథెరపీ చదివిన పిల్ల ఆ మాట అనగానే తల్లి నెత్తిన చేతులు పెట్టుకుని, "కాళ్ళు పట్టుకునే ఉద్యోగమా? రేపు పెళ్ళిచూపుల్లో ఏమని చెప్పుకోనూ!" అంది.

ఎంత విడ్డూరం! పెళ్ళిపీటల మీద అల్లుడి కాళ్ళు కడగడానికి లేని నామోషీ, జబ్బు కాళ్ళు కడగడానికి వచ్చిందా? హైటెక్ సిటీ పార్లర్లలో పెడిక్యూరుకి వందలకు వందలు పోస్తాం. గోటికి రంగేస్తే ఫ్యాషను, గోటికింద చీము చూస్తే తక్కువ పనీనా? అసలు సంగతి చెబుతాను, కోపం తెచ్చుకోకండి. పాదం ముట్టే పనినీ, చెప్పు కుట్టే పనినీ తరతరాలుగా కొన్ని కులాలవాళ్ళ నెత్తిన పెట్టి మనం దూరంగా నిలబడ్డాం. 1998లో సైబర్ టవర్స్ వెలిసింది. ఆ బుద్ధి కూడా మనతోబాటే లిఫ్టెక్కింది.

ఇక్కడ కాళ్ళకేం వచ్చిందంటారా? 2023లో వెలువడిన ఐ.సి.ఎం.ఆర్. అధ్యయనం ప్రకారం దేశంలో 10 కోట్లమందికి పైగా షుగరుంది. పగలూ రాత్రీ కుర్చీలకి అతుక్కుపోయే ఈ పేటకి అది దూరపు చుట్టమేమీ కాదు. ఏళ్ళ తరబడి అదుపు తప్పితే పాదాల్లో నరాలు మొద్దుబారిపోతాయి. మండుటెండలో గుడి చుట్టూ ప్రదక్షిణాలు చేసి బొబ్బలెక్కినా తెలియదు. మెట్టె ఒరుసుకుని పుండు పడ్డా తెలియదు. నొప్పి లేదు గనక, ఇంటిల్లిపాదికీ వండిపెట్టే మనం అసలే చూసుకోం. తీరా చూసేసరికి వేలు తీసెయ్యాలంటారు, ఒక్కోసారి కాలే. ఆ పిల్ల నాయనమ్మకి అదే జరిగింది, ఆవగింజంత పుండుతో మొదలై. ఈ చదువు మీదికి మనసెందుకు పోయిందో వేరే చెప్పాలా?

ఆ పుండు పడకముందే పసిగట్టే విద్య ఇది. 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగుని పాదానికి తాకించి "తెలుస్తోందా అమ్మమ్మా?" అని అడగడంతో మొదలవుతుంది. ఆనెకాయలు చెక్కడం, గోళ్ళు తియ్యడం, ఏ కాలికి ఏ చెప్పో చెప్పడం ఆ తర్వాత. కుష్ఠువల్ల స్పర్శ పోయిన పాదాలకి వాడిన మెత్తని ఎం.సి.ఆర్. చెప్పుల్నే ఇవాళ షుగరువాళ్ళకీ రాస్తున్నారు. కుష్ఠు అంటే గుర్తొచ్చింది, హైటెక్ సిటీ పక్కనే కూకట్‌పల్లిలో ఆ రోగుల కోసం 1958లో శివానంద ఆశ్రమం పెట్టిందెవరనుకున్నారు? వనపర్తి సంస్థానం కోడలు రాణీ కుముదినీదేవి. ఆవిడకి లేని పరువు మనకొచ్చింది!

మన దగ్గర ఈ చదువు ఇంకా వేళ్ళూనలేదు, నిజమే. డాక్టర్లూ, నర్సులూ, ఫిజియోథెరపీవాళ్ళూ విడిగా తర్ఫీదు పొంది చేస్తున్నారు. ఇంగ్లండులో, ఆస్ట్రేలియాలో దీనికి డిగ్రీ ఉంది. అమెరికాలో అయితే డిగ్రీ తర్వాత నాలుగేళ్ళు చదివి పేరు ముందు డాక్టరని పెట్టుకుంటారు. అలాంటి అమెరికా డాక్టరు సంబంధం వచ్చిందనుకోండి, ఈ తల్లే వీధంతా స్వీట్లు పంచుతుంది. అక్కడ ఆయన పట్టుకునేవి చేతులనుకుంటుందా ఏమిటి?