పేరున్న సీసా, పేరులేని టిక్కీ

ఇటలీలో మనలాంటి చిన్న రైతు కుటుంబాలు కొన్ని రసాయనాలు లేకుండా ద్రాక్ష పండించి, తామే వైన్ చేసి, సీసాపై తమ పేరు, ఊరి పేరు వేసుకుంటున్నాయి. ‘బరోలో’ అని రాయాలంటే అక్కడి 11 గ్రామాల పరిధిలో పండిన నెబ్బియోలో ద్రాక్షే కావాలి. అది చట్టం. రుచి చూసినవాళ్లు ఆ నేల పేరుకు డబ్బు పెడుతున్నారు.

మన కాయ రుచి ఎవరు చూస్తున్నారు? పర్చూరు నుంచి తెచ్చినా, ప్రత్తిపాడు నుంచి తెచ్చినా గుంటూరు యార్డులో వ్యాపారి గుప్పెడు కాయ తీసి, విరిచి, తేమ అంటాడు, తాలు అంటాడు. ఎవరి చేను, ఎన్ని మందులు కొట్టారు అని అడగడు. మందు లేకుండా పండించిన కాయా అదే కుప్పలో కలవాల్సిందే. గుంటూరు సన్నానికి భౌగోళిక గుర్తింపు వచ్చి ఏళ్లు గడిచాయి. ఆ కాగితం చూసి కాటా దగ్గర రూపాయి ఎక్కువిచ్చిన వాళ్లెవరు?

ధర పడిపోయాక 2025 ఫిబ్రవరిలో కేంద్రం క్వింటాకు 11,781 రూపాయలు ప్రకటించింది. కోత కూలి, కౌలు, మందుల అప్పు పోగా ఏం మిగిలిందో కౌలు రైతును అడగండి.

వైన్ తాగమని కాదు మేం చెప్పేది. మందుల అవశేషాల పరీక్ష రైతుకు ఖర్చు లేకుండా యార్డులోనే జరగాలి. పరీక్షలో నెగ్గిన కాయకు ఊరి పేరుతో వేరే వేలం పెట్టాలి. సన్నం పేరుపై అజమాయిషీ రైతు సంఘాల చేతికి రావాలి.